మా నాయన చావు, వాని రివ్యూ

నాకు సినిమా పిచ్చి. చెప్పుకునేదానికి నాకేమీ సిగ్గు లేదు. కొంతమంది ఆడవాళ్ళు గుడికి పోతారు, కొంతమంది చీటీలు వేస్తారు, నేను సినిమాకు పోతాను. మూడు రాష్ట్రాలు కలిసేకాడ, హోసూర్లో ఉండేదానికి నాకు ఈ ఒక్క సుఖం ఉండాది. శుక్రవారం వచ్చిందంటే ఒక హాల్లో తెలుగు, ఇంకో హాల్లో అరవం, ఇంకో దాంట్లో కన్నడం. మూడూ నాకు చిన్నప్పటినించీ నోట్లో ఉండే భాషలే. ఇంగ్లీషు, మలయాళం, హిందీ అయితే ఇంట్లో టీవీలో కింద అక్షరాలు చదువుకుంటా చూస్తాను. చూసినాక ఊరికే ఉండలేను. చూసింది ఎవురి ముందరన్నా కక్కకపోతే ఆ పొద్దు తిన్నది అరగదు.

మా ఆయన ముందర కక్కితే లాభం లేదు. "బాగుండాదా, బాగలేదా, ఒక మాటలో చెప్పు" అంటాడు. ఒక మాటలో అయిపోయేదైతే వాళ్ళు మూడు గంటలు యాల తీస్తారు? అందుకని నేను కక్కింది పైనింటి వాని ముందర. ఇది ఆ పైనింటి వాణ్ణి గురించి. వాని మీద నాకు కసి ఇంకా తీరలేదు, తీరి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

హోసూరు పక్కన మత్తిగిరిలో మాకు కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు. పైది బాడుగకిచ్చినాము. వాడు గోదావరి పక్కనించి ఉద్యోగానికి వచ్చినాడు, పెండ్లి కాని పిల్లోడు. నేను పనిచేసే ఫ్యాక్టరీలోనే వాడూ. నేను స్టోర్సులో ఉంటాను, వాడు పైన ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటాడు. మాటకారి. "అక్కా, మీ చేతి సంగటి తింటే మా ఊరు గుర్తు రాదండీ" అంటాడు. ఆ ఒక్క మాటకు నేను వానికి వారంలో నాలుగు దినాలు సంగటి పెట్టినాను, నా తెలివి అట్లుండాది.

వచ్చిన కొత్తలోనే ఇంకో మాట కూడా అన్నాడు. "మీ తెలుగు భలే తమాషాగా ఉంటుందక్కా. సగం తమిళం, సగం కన్నడం, మధ్యలో ఎక్కడో తెలుగు." నవ్వుతా అన్నాడు. నేనూ నవ్వినాను. మా తాతల ముత్తాతలనించీ ఈ గడ్డ మీద ఇదే తెలుగులో తిట్టుకున్యారు, ఇదే తెలుగులో పెండ్లిండ్లు చేసుకున్యారు. నిన్న బస్సు దిగినోడు వచ్చి తమాషాగా ఉండాది అంటే నేను పండ్లు బయటపెట్టి నవ్వినాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చినాక నేను టీ పెట్టి మెట్ల మీద కూర్చుంటాను. వాడూ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంటాడు. "ఈ వారం ఏం చూశారక్కా?" అంటాడు. అంతే, నాకు కుళాయి తిప్పినట్టే.

ఆమధ్య ఒక తెలుగు సినిమా వచ్చింది, రైతు కష్టం మీదంట. హీరోనే రైతు. సినిమా మొదలైనకాడినించి అయిపోయేదాకా వాని పంచకు రొంత బురద అంటలేదు. దున్నతాడు, బావి తవ్వతాడు, పదిమందిని కొడతాడు, మల్లా ఇస్త్రీ మడత మడత మాదిరే ఉంటుంది. "ఈ పక్కనే తళి ఊరి దిక్కు పోయి గులాబీ తోటల్లో పని చేసే ఆడవాళ్ళ చేతులు చూడప్పా," అన్నాను నేను, "ముండ్లు గీరి గీరి చర్మం పేలిపోయి ఉంటుంది. ఆ చేతుల్ని ఒక్క నిమిషం చూపించి ఉంటే నేను ఏడ్చి ఉందును. వీడు డైలాగు చెప్తే నాకు ఆవులింత వచ్చింది." వాడు పడీ పడీ నవ్వినాడు.

అరవం వాళ్ళది ఇంకో రకం. వాళ్ళ హీరో చేతులకు మట్టి ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాల. కానీ పేదోళ్ళ ఇంటిని ఆకాశంలోనించి చూపిస్తారు. డ్రోను పైకి లేస్తాది, కింద గుడిసెలు, పొద్దు మునిగే ఎరుపు, వెనకాల పిల్లంగోవి. "గుడిసె ఆకాశంలోనించి చూస్తే అందంగానే ఉంటాదప్పా. లోపల ఉండేవాళ్ళకు ఆ వసతి లేదు గదా" అన్నాను. వాడు టీ గ్లాసు పక్కన పెట్టి, "అబ్బ, ఏం మాటన్నారక్కా" అన్నాడు. నేను పొంగిపోయినాను.

హిందీవాళ్ళవి చూస్తే నాకు నిజంగా కడుపు మంట. పెద్ద ఫ్లాటు, గోడంతా అద్దం, కింద సముద్రం. మొగుడూ పెండ్లాం విడిపోవాలా వద్దా అని సినిమా పొడుగునా ఆలోచిస్తారు. ఒక్కరన్నా పనికి పోయిన పాపాన పోరు. మాకు విడిపోవాలని బుద్ధి పుట్టినా ఆదివారం దాకా ఆగాల, మధ్యలో షిఫ్టులు ఉంటాయి. నాకు నచ్చింది ఒక మలయాళం సినిమా. దాంట్లో ఒక అమ్మ చేపలు కడిగే సీను ఉండాది. మాట లేదు, పాట లేదు. కొడుకు మీద ఉండే కోపమంతా ఆమె ఆ పొలుసు గీకే దాంట్లోనే చూపించేసింది. కొడుకు వెనకాల నిలబడి చూస్తా ఉంటాడు, మనం వాణ్ణి చూస్తా ఉంటాము. సినిమా అంటే అది.

ఇట్ల చెప్పి చెప్పి, ఒక పొద్దు నా కొంపకు నేనే అగ్గి పెట్టుకున్నాను.

ఆ పొద్దు మాట్లాడింది ఒక ఇంగ్లీషు సినిమా గురించి. ప్రైజులన్నీ దానికే వచ్చినాయంట. ముసలాయన ఆసుపత్రిలో పోయే ఘట్టం. కిటికీ బయట ఆకులు రాలతా ఉంటాయి. బిడ్డలు ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి ఒకరి తరువాత ఒకరు మనసులో మాట చెప్పుకుంటారు. అందరూ చెప్పేదాకా ఆయన ఓపిగ్గా ఆగి, చివరి బిడ్డ మాట విని, చిన్నగా నవ్వి కండ్లు మూసుకుంటాడు. పియానో మోగతాది.

"ఎవురప్పా అట్ల చచ్చేది?" అన్నాను. "అందరికీ టైమిచ్చి చస్తారా? మా నాయన ఎట్ల పోయినాడో చెప్తా విను."

మా నాయన మామిడి తోటల్లో పనిచేసేవాడు, అంట్లు కట్టేదాంట్లో మంచి చెయ్యి. కృష్ణగిరి ఆసుపత్రిలో పోయినాడు. పొద్దున అమ్మ ఆయనకు క్యారియర్లో రాగి గంజి తెచ్చి తాపించి, క్యారియరు కడిగేదానికి కుళాయికాడికి పోయింది. తిరిగొచ్చేలోపల ఆయన లేడు. నర్సు చెప్పింది. అమ్మ నాయన ముఖం చూసింది, చేతిలో క్యారియర్ని చూసింది, "దీని మూత యాడ?" అనింది. మంచం కింద ఎతికింది. పక్క మంచాల కింద ఎతికింది. వార్డులో ఉండేవాళ్ళనందర్నీ లేపి, దిండ్లు ఎత్తించి ఎతికింది. నేను చెయ్యి పట్టుకుంటే ఇదిలించి కొట్టింది. నాయన్ని బండిలో ఎక్కించినాక కూడా కుళాయికాడికి పోయి చూసొచ్చింది. కన్నీటి చుక్క రాలేదు. ఆ పొద్దు రాలేదు, దినాలకూ రాలేదు, ఆ తరువాతా రాలేదు. మా నాయన అక్కచెల్లెండ్లు దాన్ని పట్టుకున్యారు. "మొగుడు పోతే మూత ఎతికింది, రాతి గుండె" అని ఈ పొద్దుటికీ ఏ పెండ్లిలో కలిసినా అమ్మ వినేటట్టు అంటారు. అమ్మ తల ఒంచుకోని తినేసి లేస్తాది.

"దుఃఖమంటే అదప్పా," అన్నాను నేను. "పియానో కాదు."

వాడు కండ్లు తుడుచుకున్నాడు. ఎంత మంచి మనసప్పా వీనిది అనుకున్నాను. నా మొగునికి కూడా నేను అంత ఇదిగా చెప్పింది లేదు.

కొన్నాళ్ళకు కంపెనీ బస్సులో నా పక్కన కూర్చునే ఆమె ఫోను చూస్తా, "ఈ అబ్బాయి సినిమాల గురించి ఎంత బాగా చెప్తాడో చూడక్కా" అని నా వైపు తిప్పింది. చూస్తే పైనింటోడు! వెనకాల మా ఇంటి గోడే, నేను ఏరుకోని కొట్టించిన పచ్చ రంగే. కండ్లద్దాలు పెట్టుకోని, మెల్లగా, పుస్తకంలో ఉండే తెలుగులో చెప్తా ఉండాడు. "పేదరికాన్ని ఆకాశం నుంచి చూస్తే అందంగానే ఉంటుంది మిత్రులారా. లోపల బతికేవారికి ఆ సౌకర్యం లేదు."

మొదట నాకు సంతోషమే అయ్యింది, అబద్ధమాడను. నా మాట ఫోన్లో వచ్చింది గదా అని. రొంతసేపటికి గానీ బుర్రకు ఎక్కలేదు. గులాబీ ముండ్లు ఉండాయి, ఆదివారం దాకా ఆగేది ఉండాది, చేప పొలుసు ఉండాది, నేను మాత్రం యాడా లేను. "మా అక్క ఒకామె చెప్పింది" అని ఒక్క ముక్క లేదు. నా మాటలకు స్నానం చేయించి, తల దువ్వి, తన బిడ్డలని చెప్పి ఊరేగిస్తా ఉండాడు.

అదొక్కటే అయితే నాలుగు తిట్టి ఊరుకుందును. పక్కనామె ఇంకోటి పెట్టింది. "ఇది చూడక్కా, దీనికి నేను ఏడ్చేసినాను." ఆ ఇంగ్లీషు సినిమా గురించి. మధ్యలో ఆపి, అద్దాలు తీసి, గొంతు సవరించుకోని అన్నాడు: "మా నాన్నగారు పోయిన రోజు నాకింకా గుర్తుంది."

క్యారియరు స్టీలు డబ్బా అయ్యింది. రాగి గంజి జావ అయ్యింది. కృష్ణగిరి పోయి వాళ్ళ ఊరి పక్కన పట్నం వచ్చింది. తక్కినదంతా మా నాయనే. మంచం కింద ఎతికేది, దిండ్లు ఎత్తించేది, బండి ఎక్కించినాక మల్లా కుళాయికాడికి పోయేది. చివర్లో, "మా అమ్మ ఏడవలేదు మిత్రులారా. మూత వెతికింది. ప్రేమంటే అదే" అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కింద జనాలు రాసినారు: ధైర్యంగా ఉండు అన్నా, నాన్నగారి ఆత్మకు శాంతి, అమ్మను జాగ్రత్తగా చూసుకో. మా నాయనకు పోవాల్సిన మాటలన్నీ వీనికి పోయినాయి.

వాళ్ళ నాన్న చచ్చినాడా? అంతకుముందు నెల్లోనే వచ్చి మా ఇంట్లో కూర్చోని రెండు ముద్దలు లాగించి, ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వెయ్యమ్మా అని అడిగి మరీ వేయించుకోని పోయినాడు. నిక్షేపంగా ఉండాడు ఆ మనిషి.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, "పోయి మొహం మీదనే అడుగు" అన్నాడు. అడిగితే ఏమొస్తాది? సారీ అక్కా అంటాడు. వాని సారీ నాకు యాల? వాడు నాయన్ని ఎత్తుకుపోయినాడు. నలుగురిలో ఎత్తుకుపోయినాడు. నలుగురిలోనే వాని పరువు తియ్యాల. నేను కాసుకోని ఉండాను.

ఏమీ ఎరగనట్టే మెట్ల మీద కూర్చున్నాను. టీ ఇచ్చినాను. సంగటి పెట్టినాను. ఊరిబిండిలో మాత్రం మిరపకాయలు రెండింతలు నూరినాను. వాడు ముక్కు ఎగబీల్చుకుంటా, కండ్లలో నీళ్ళు కారతా ఉంటే "భలే ఉందక్కా" అన్నాడు. తిను నాయనా తిను అన్నాను, నవ్వుతా.

నాకు కావాల్సిన సినిమా ఒక శుక్రవారం వచ్చింది. నాయనా కొడుకుల కథ. అరవంలో, తెలుగులో రెండింట్లోనూ ఒకేసారి తీసినారు. ఇట్లాటివాటిని నేను రెండూ చూస్తాను, అది నాకు అలవాటు. ఒకే కథను అరవం వాళ్ళకు ఎట్ల చెప్పినారు, తెలుగు వాళ్ళకు ఎట్ల చెప్పినారు అని చూసేదాంట్లో ఒక మజా ఉండాది. ఈ ఊర్లో సినిమా పిచ్చోళ్ళు శానామంది ఇంతే. లీవు పెట్టి పొద్దుటాట అరవంలో చూసినాను, మ్యాట్నీ తెలుగులో చూసినాను.

అరవంలో నాయన చచ్చిపోతాడు. కొడుకు ఊరికి చేరేలోపల చితి అంటించేసి ఉంటారు. వాడు కాలే చితికి దూరంగా కూర్చోని, ఇంటికాడ మిగిలిన నాయన చెప్పులు రెండూ తెచ్చుకోని, తన కాళ్ళకు వేసుకోని చూస్తాడు. సరిపోవు. అంతే, అయిపోతాది. హాల్లో ఎవురూ లెయ్యలేదు. తెలుగులో నాయన వేషం వేసిన ఆ పెద్ద నటుణ్ణి చంపితే అభిమానులు కుర్చీలు విరగ్గొడతారని భయపడినారో ఏమో, ఆయన ఆసుపత్రిలోనించి లేచొచ్చి కొడుకు పెండ్లిలో అక్షింతలు వేస్తాడు, అందరూ నవ్వతారు, పాట. అరవందే సినిమా, తెలుగుది మొహమాటం. నేను మ్యాట్నీ చూసి బయటికొస్తానే నాకు దారి దొరికింది. హాలు బయట నిలబడి నేనొక్కదాన్నే నవ్వుకున్నాను, పార్కింగు చీటీ ఇచ్చే ఆయన నన్ను పైనించి కిందికి చూసినాడు.

వానికి ఆ వారం ఆఫీసులో ఆడిట్టు. సినిమాకు పోయే తీరిక లేదు. అయినా అందరికంటే ముందు రివ్యూ పెట్టాల గదా, మిత్రులు ఎదురుచూస్తా ఉంటారు. సాయంత్రం బ్యాగు కూడా దించకుండా వచ్చినాడు.

"అక్కా, చూశారా?"

"చూసినానప్పా."

"ఎలా ఉందక్కా? చివర్లో నాన్న పోతాడంట కదా, ఎవరో అన్నారు."

"పోతాడప్పా. నా కండ్లతో చూసినాను." చితి చెప్పినాను. చెప్పులు చెప్పినాను. హాల్లో ఎవురూ లెయ్యలేదని చెప్పినాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏ హాల్లో చూసినానో వాడు అడగలేదు. తెలుగు మాట్లాడేవాళ్ళు తెలుగు సినిమానే చూస్తారని వాని నమ్మకం. నా తెలుగులో సగం అరవం అని వాడే అన్నాడు గదా, ఆ సగం గుర్తు పెట్టుకోని ఉంటే బతికిపోయేవాడు.

వాడు అదే పొద్దు రివ్యూ పెట్టేసినాడు. నేను వంటింట్లో ఫోను డబ్బాకు ఆనించి పెట్టుకోని, చిక్కుడుకాయలు తుంచుతా చూసినాను. ఏం చెప్పినాడప్పా! చితి దగ్గర గొంతు బొంగురు పోయింది. చెప్పుల దగ్గర మాటే రాలేదు. "తెలుగు సినిమా ఇంత ధైర్యంగా ముగించడం నేను చూడలేదు" అన్నాడు. అంతటితో ఆగి ఉన్నా సరిపోయేది. "మా నాన్నగారి చితి ముందు నేను నిలబడిన రోజు..." అని మొదలుపెట్టినాడు. నిలబడు నాయనా, బాగా నిలబడు అనుకుంటా నేను కాయలు తుంచినాను.

తెల్లారేసరికి జనం కుమ్మేసినారు. బ్రో, నువ్వు చూసిన సినిమా ఏది? నాన్న పెళ్ళిలో అక్షింతలు వేస్తుంటే నువ్వు చితి ఎక్కడ చూశావ్? బతికున్న నాన్నను తగలబెట్టిన రివ్యూయర్. వాని ముఖం మీద బొమ్మలు గీసి, పాటలు తగిలించి ఫోను ఫోనుకూ తిప్పినారు. కంపెనీ బస్సులో ముందు సీటునించి వెనక సీటుదాకా నవ్వులే. నా పక్కనామె, "పాపం అక్కా" అనింది. పాపమా? నా కడుపు చల్లగా ఉండాది ఆ పొద్దు. క్యాంటీన్లో ఇంకో వడ వేయించుకోని తిన్నాను.

దానికి మించింది నేను అనుకోనిది జరిగింది. వాని ఊరాయన ఎవురో కింద రాసినాడు: ఏరా, మీ నాన్న ఇప్పుడే మా కొట్టుకొచ్చి బీడీకట్ట తీసుకెళ్ళాడు కదరా, చితేమిటి? ఇంక జనానికి పండగ. ఆ సంగతి ఆ పెద్దాయన చెవిన పడింది. ఆదివారం పొద్దున నేను మేడ మీద గుడ్డలు ఆరేస్తా ఉంటే, వాడు ఫోను చెవికి దూరంగా పట్టుకోని నిలబడి ఉండాడు. ఆయన అరుపు నాకు తీగ మీది గుడ్డలన్నీ దాటుకోని వినిపించింది. "నన్ను తగలబెట్టేశావంట్రా? మీ అమ్మ ఎవరి మూత వెతికిందిరా? అది నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదు తెలుసా?" నేను ఒక్కొక్క గుడ్డనూ రెండుసార్లు ఇదిలించి ఆరేసినాను.

మధ్యాహ్నం వాడు కిందికొచ్చినాడు. ముఖం పీక్కుపోయి ఉండాది. గుమ్మం బయటే నిలబడి, "ఎందుకక్కా ఇలా చేశారు?" అన్నాడు.

"నేనేం చేసినానప్పా? చూసింది చెప్పినాను. చూడకుండా చెప్పింది నువ్వు."

"అది తమిళంలో క్లైమాక్సు అక్కా. మీకు తెలుసు."

"తెలుసు. మీ నాయన బతికుండేది కూడా తెలుసు. మా ఇంట్లో తిని పోయినాడు గదా. మల్లా నువ్వు చంపింది ఎవుర్ని?"

నాకు ఇంక ఆగలేదు. "నా మాటలు ఎత్తుకున్యావు, పోనీలే అనుకుందును. నా తెలుగు నీకు తమాషా, నా మాట మాత్రం కావాల. అదీ పోనీ. మా నాయన చావు నీకు ఎట్లొచ్చె రా? మా అమ్మ నీకు ఎప్పుడు అమ్మ అయ్యె? జనం ఆత్మకు శాంతి అంటా ఉంటే నువ్వు థ్యాంక్యూ మిత్రులారా అని జవాబు రాసినావే, చెయ్యెట్లొచ్చె?" గొంతు నాకు తెలియకుండానే లేచిపోయింది. మా ఆయన లోపలినించి వచ్చి నిలబడినాడు గానీ ఒక్క మాట అడ్డం రాలేదు.

"తప్పైపోయిందక్కా. అందులో మీ పేరు చెప్తాను, ఇంకో వీడియో పెడతాను..."

"నా పేరు నీ నోట్లో వద్దు. ఆ మా నాయన వీడియో తీసెయ్. ఇప్పుడే. నా కండ్ల ముందర."

వాడు ఫోను తీసినాడు. తీసెయ్యాలా అని అది అడిగింది, అవును అని వాడు నొక్కినాడు. అదొక్కటి కాదు, నా మాటలుండేవి అన్నీ ఒకటొకటిగా తీయించినాను, పక్కన నిలబడి. రైతు పంచ పోయింది, డ్రోను పోయింది, చేప పొలుసు పోయింది. చివరికి నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు. "చెయ్" అన్నాను. తలుపు వేసేసి లోపలికొచ్చి, చెంబెడు నీళ్ళు తాగినాను. మా ఆయన "చాలా ఇంక?" అన్నాడు. చాలదు అన్నాను. నిజంగానే నాకు చాలలేదు. మెట్ల మీద వాని చెప్పుల శబ్దం వినిపించినప్పుడంతా వంటింట్లో గిన్నెలు డబడబా కొడతా ఉంటి.

ఆ వారంలోనే అమ్మ వచ్చింది. అమ్మ మా తమ్ముని ఇంట్లో ఉంటాది, కృష్ణగిరి పక్క పోచంపల్లి దగ్గర. ఇప్పటికీ సంతలో చింతపండు అమ్ముతుంది, చేతిలో కాసులు ఆడకపోతే దానికి తోచదు. కండ్లు చూపించుకునేదానికని హోసూరుకు వచ్చింది. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోని, కొంగుతో తుడుచుకుంటా నా పక్కన కూర్చుంది.

"నీ ఫోన్లో ఆ పిల్లోణ్ణి పెట్టు" అనింది.

"ఏ పిల్లోడమ్మా?"

"ఆంధ్రా పిల్లోడు. అద్దాలు పెట్టుకోని సినిమాలు చెప్తాడే. సంతలో నా పక్కన గాజులమ్మే ఆమె చూపించింది. వాళ్ళ నాయన పోయినప్పుడు వాళ్ళమ్మ కూడా ఏడవలేదంట. మూత ఎతికిందంట పాపం. నా మాదిరే."

అమ్మ నన్ను చూడలేదు, గోడను చూస్తా చెప్పుకుంటా పోయింది.

"ఇన్నేండ్లూ నేనొక్కదాన్నే అనుకుంటి. ఏమే, నాకేమన్నా లోపమా, నిజంగానే నేను రాయినా అని నన్ను నేనే అడుక్కుంటా ఉంటి. మీ అత్తలు అన్నప్పుడంతా అవును గదా అనుకుంటి. ఆ పిల్లోడు చెప్తా ఉంటే, చింతపండు బుట్ట ముందర కూర్చోని ఏడిస్తినే. మీ నాయనకు రాని ఏడుపు ఆ పొద్దు వచ్చె. గాజులామె నీళ్ళు తాపించె. లోకంలో నా మాదిరి ఇంకొకామె ఉండాది. దాని కన్నబిడ్డ దాన్ని రాయి అనలేదు, ప్రేమ అన్నాడు." కండ్లు తుడుచుకోని నా మోకాలు తట్టింది. "పెట్టు, ఇంకొకసారి వింటా. ఆ పిల్లోని ఫోను నంబరు కూడా కనుక్కో. వాళ్ళమ్మతో ఒకసారి మాట్లాడాల నేను. ఆమె ఒక్కదానికే తెలుస్తాది."

ఫోను నా చేతిలోనే ఉండాది. పెట్టేదానికి ఏమీ లేదు, నేనే దగ్గర నిలబడి తీయించేసినాను. అది నువ్వేనమ్మా, ఇంకొకామె ఎవురూ లేరు అని చెప్పేదానికి నోరు తెరిచినాను. చెప్తే అమ్మ మల్లా ఒక్కత్తే అయిపోతాది. రాతి గుండె అనే మాట, దాని పక్కన ఎవురూ లేకుండా. నేను కూడా అమ్మతో ఎప్పుడూ అనలేదు, అది రాయి కాదు, దుఃఖమమ్మా అని. మెట్ల మీద కూర్చోని పరాయివానికి చెప్పినాను.

"ఉండమ్మా, వస్తా" అని లేచినాను.

పైకి పోయేదానికి నా కాళ్ళు ఒప్పలేదు. ప్రతి మెట్టు మీదా వాణ్ణి తిట్టుకుంటానే ఎక్కినాను. దొంగ నాయాలు, వీని వాకిట్లో నేను నిలబడాల్సి వచ్చె అని పండ్లు కొరుక్కున్నాను. తలుపు కొట్టినాను. వాడు తెరిచినాడు. వెనకాల సామాన్లు డబ్బాల్లో సర్ది ఉండాయి. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసినాడు, మల్లా తిట్టేదానికి వచ్చిందనుకోని.

"కిందికి రాప్పా," అన్నాను. "మీ నాయన ఎట్ల పోయినాడో మా అమ్మకు చెప్పు."